పాత ట్రాక్టరుకు కొత్త ఊపిరి – ఇంజను పనిలో మన సైన్సు పాఠాలు



మన హాస్టల్‌లో ఉండేవాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. ట్రాక్టరు చూడనివాళ్లు మనలో ఎవరూ లేరు. ట్రక్కు వెనక వేలాడినవాళ్లు, దమ్ము చేస్తుంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్లు, తండ్రో అన్నో డ్రైవరుగా పనిచేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే ఆ బానెట్ కింద జరిగేదానికీ, మనం ఇంటర్మీడియట్‌లో చదివే ఫిజిక్సుకూ ఉన్న బంధుత్వం గురించి మనకు ఎవరూ చెప్పరు. పుస్తకం ఒక దారి, పని ఒక దారి అన్నట్టు ఉంటుంది మన చదువు. ఈ రెండు దారులు ఒకచోట ఎలా కలుస్తాయో చూపడానికే ఈ వ్యాసం. పాత ట్రాక్టరు ఇంజనును విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే పనిని మెట్టు మెట్టుగా చెప్పుకుందాం. మేము ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నాము. మాకు తెలిసిన కాస్త సైన్సును పక్కన పెట్టుకుని, మేస్త్రీల దగ్గర చూసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

ఏ ట్రాక్టరు గురించి?

మన దేశంలో తయారైన తొలి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదులోని ఐషర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. 1960లో మద్రాసులో టాఫే సంస్థ మొదలై మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారుచేసింది. 1971లో హెచ్.ఎం.టి. సంస్థ పింజోరులో చెకోస్లొవేకియా జెటార్ పరిజ్ఞానంతో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. ఈ హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగం మూసివేతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఫ్యాక్టరీ మూతపడినా బండ్లు పొలాల్లోనే ఉన్నాయి. పాత బండ్లను బాగుచేసే విద్య ఎందుకు అవసరమో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

మన ఉదాహరణకు మాసీ ఫెర్గూసన్ 35 తరహా ట్రాక్టరును తీసుకుందాం. ఈ మోడల్ బ్రిటన్‌లో 1950ల చివర వచ్చింది. దాని తొలి డీజిల్ బండ్లలో నాలుగు సిలిండర్ల స్టాండర్డ్ ఇంజను ఉండేది. చలికాలం ఉదయం పూట అది ఓ పట్టాన స్టార్టు అయ్యేది కాదు. అందుకని 1959 చివర దాని బదులు మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజను పెట్టారు. ఈ పెర్కిన్స్ ఇంజను పేరు 3.152. అంటే 3 సిలిండర్లు, అన్నీ కలిపి 152 ఘనపు అంగుళాల జాగా అని అర్థం. మన దేశంలో నడిచే మూడు సిలిండర్ల పాత మాసీ ఇంజన్లు ఈ కుటుంబానికి దగ్గరివే. కొలతల్లో మోడల్‌ను బట్టి తేడా ఉంటుంది. కాబట్టి ఏ బండి పని చేస్తుంటే ఆ బండి మాన్యువల్ చూసి తీరాలి.

పేరులోని లెక్క

3.152 ఇంజను బోరు 91.44 మి.మీ., స్ట్రోకు 127 మి.మీ. బోరు అంటే సిలిండరు లోపలి వ్యాసం. స్ట్రోకు అంటే పిస్టన్ కింది నుంచి పైకి వెళ్లే దూరం. స్థూపం ఘనపరిమాణం ఎలా కట్టాలో మనం తొమ్మిదో తరగతిలోనే నేర్చుకున్నాం. వ్యాసార్ధం 4.572 సెం.మీ. దాని వర్గాన్ని 3.1416తో గుణిస్తే పిస్టన్ తల వైశాల్యం సుమారు 65.7 చదరపు సెం.మీ. దాన్ని 12.7తో గుణిస్తే ఒక్క సిలిండరుకు 834 ఘనపు సెం.మీ. మూడింటికి 2,502. అంటే రెండున్నర లీటర్లు.

ఇప్పుడు ఇంకో లెక్క. డీజిల్ మండినప్పుడు లోపలి పీడనం వాతావరణ పీడనానికి 60 రెట్లు అనుకుందాం. వాతావరణ పీడనం అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువు. 65.7 చదరపు సెంటీమీటర్ల మీద అరవై రెట్లంటే పిస్టన్ తల మీద సుమారు 4 టన్నుల దెబ్బ పడుతుంది. ఇంజను నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో పిస్టన్ మీద ఇలాంటి దెబ్బ నిమిషానికి 900 సార్లు పడుతుంది.

ఆ వేగంతో రోజుకు పది గంటలు దుక్కి దున్నితే ఇంజను 10 లక్షల 80 వేల చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టులో పిస్టన్ పైకీ కిందికీ కలిపి 254 మి.మీ. నడుస్తుంది. గుణించి చూడండి. 274 కిలోమీటర్లు వస్తుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు ఉన్నంత దూరం. ట్రాక్టరు పొలం దాటకపోయినా పిస్టన్ మాత్రం సిలిండరు గోడను రాసుకుంటూ ఒక్క రోజులో అంత దూరం నడిచింది. ఆ గోడకూ పిస్టన్ రింగులకూ మధ్య ఉన్నది పలచని ఆయిల్ పొర ఒక్కటే. ఇంజను ఎందుకు అరుగుతుందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

విప్పే ముందు రోగం తెలుసుకోవాలి

డాక్టరు నాడి చూడకుండా ఆపరేషను చేయడు. మంచి మేస్త్రి కూడా అంతే. మొదట పొగ చూస్తాడు.

నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. రింగులో, సిలిండరో, వాల్వు గైడులో అరిగి ఉంటాయి. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. తెల్ల పొగ ఆగకుండా వస్తే డీజిల్ సరిగా మండడం లేదు, లేదా నీళ్లు సిలిండరులోకి దిగుతున్నాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నల్ల పొగ చూసి ఇంజను దించిన బండ్లలో కొన్నింటికి నిజానికి ఎయిర్ క్లీనరు కడిగితే సరిపోయేది. పాత బండ్లలో ఎయిర్ క్లీనరు అడుగున ఆయిల్ గిన్నె ఉంటుంది. గాలిలో దుమ్ము ఆ ఆయిల్‌కు అంటుకుని ఆగిపోవాలి. గిన్నెలో ఆయిల్ లేకపోయినా, బురదగా మారినా ఆ పని జరగదు. కాబట్టి వరుస ఇది: మొదట ఎయిర్ క్లీనరు, తర్వాత డీజిల్ ఫిల్టర్లు, ఆ తర్వాత నాజిళ్లు, వాల్వుల సందు. ఇవన్నీ బాగుండి కూడా బ్రీదరు గొట్టంలోంచి ఆవిరి ఉధృతంగా కొడుతుంటే, రోజూ ఆయిల్ పోయాల్సి వస్తుంటే, స్టార్టింగు కష్టమైతే, అప్పుడు ఇంజను విప్పాలి.

స్టార్టింగు ఎందుకు కష్టమవుతుంది?

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కడం మనందరికీ తెలుసు. ఇదే స్థిరోష్ణక సంపీడనం. జూనియర్ ఇంటర్‌లో మనం కంఠస్థం చేసే సూత్రం ఇక్కడ పనికొస్తుంది. తొలి ఉష్ణోగ్రతను కెల్విన్‌లో తీసుకుని, సంపీడన నిష్పత్తికి 0.4 ఘాతం వేసి గుణించాలి. గాలికి గామా విలువ 1.4 కాబట్టి ఘాతం 0.4 అయింది.

ఉదయం గాలి 30 డిగ్రీలు, అంటే 303 కెల్విన్. నిష్పత్తి 17 అనుకుందాం. 17కు 0.4 ఘాతం సుమారు 3.1. గుణిస్తే 940 కెల్విన్, అంటే 667 డిగ్రీల సెల్సియస్. ఇది పుస్తకం లెక్క. నిజం ఇంజనులో కొంత వేడి గోడలకు పోతుంది, కొంత గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది. స్టార్టరు మోటారు ఇంజనును నెమ్మదిగా తిప్పేటప్పుడు ఈ నష్టం మరీ ఎక్కువ. రింగులు అరిగిన ఇంజనులో గాలి ఇంకా ఎక్కువ జారి, డీజిల్ అంటుకునే వేడి రాదు. అందుకే పాత బండ్లను వాలులో నిలబెట్టి పొద్దున్నే తోసి స్టార్టు చేస్తుంటారు. తోసినప్పుడు ఇంజను వేగంగా తిరుగుతుంది, గాలి జారిపోయే వ్యవధి తగ్గుతుంది. డ్రైవర్లు అనుభవం మీద కనిపెట్టిన ఈ ఉపాయం వెనక ఉన్న సూత్రం మన పాఠంలోనే ఉంది.

ఇంజను దించడం

కారుకూ లారీకీ ఉన్నట్టు ఈ ట్రాక్టరుకు ఛాసిస్ ఉండదు. ఇంజనే వెన్నెముక. ముందు ఇరుసు బ్రాకెట్టు ఇంజనుకు బిగించి ఉంటుంది. వెనక గేర్ బాక్సు ఇంజనుకు బిగించి ఉంటుంది. కాబట్టి ఇంజను దించడమంటే ట్రాక్టరును మధ్యకు విడదీయడమే.

ఈ పనిలో ప్రాణాపాయం ఉంది. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంటుంది. విడదీసినప్పుడు ముందు భాగం పక్కకు పల్టీ కొట్టకుండా ఇరుసుకూ బ్రాకెట్టుకూ మధ్య రెండు వైపులా చెక్క ఆప్పులు దిగగొట్టాలి. వెనక చక్రాలకు రాళ్లు పెట్టాలి. గేర్ బాక్సు కింద గట్టి స్టాండు ఉండాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ఇటుకలు పేర్చి దాని మీద ఇనుము నిలపకూడదు, బరువుకు ఇటుక ఒక్కసారిగా పగులుతుంది. బ్యాటరీ తీగలు, నీళ్లు, ఆయిల్, డీజిల్ పైపులు ముందే తీసేయాలి.

విప్పిన ప్రతి వస్తువుకూ గుర్తు పెట్టాలి. కనెక్టింగ్ రాడ్డుకూ దాని టోపీకీ ఒకే నంబరు ఉంటుంది. అవి జంట మారకూడదు. పుష్ రాడ్లను అట్టపెట్టెకు వరుసగా రంధ్రాలు చేసి గుచ్చి పెట్టుకోవాలి. ఇది చూడటానికి చిన్న పని. కానీ బిగించే రోజు సగం గొడవ దీనివల్లే తప్పుతుంది.

రింగుతో అరుగుదల కొలవడం – మా ఊరి లెక్క

ఇంజను విప్పాక అసలు ప్రశ్న వస్తుంది. రింగులు మార్చి సరిపెట్టుకోవాలా? స్లీవులు, పిస్టన్లు, బేరింగులు అన్నీ మార్చాలా? మొదటిదానికి ఖర్చు తక్కువ, రెండోదానికి చాలా ఎక్కువ.

మా ఊళ్లో ఒక రైతుకు పాత మాసీ ఉంది. సెకండ్ హ్యాండులో కొన్నది. మా నాన్న దాని మీద డ్రైవరు. బండి నడిస్తేనే ఆయనకు కూలి. మా పరీక్ష ఫీజులు ఆ కూలిలోంచే కట్టారు. ఒక వేసవిలో ఆ బండి నీలం పొగ విపరీతంగా కక్కింది. తొలకరికి నెల రోజులు కూడా లేవు. రైతు అప్పటికే విత్తనాలకు అప్పు చేసి ఉన్నాడు. "రింగులేసి బిగించెయ్ మేస్త్రీ, ఈ ఏడు గడిస్తే చాలు" అన్నాడు.

మేస్త్రి పెద్దగా చదువుకున్నవాడు కాదు. వాదించలేదు. ఒక కొత్త రింగు తీసుకుని సిలిండరులో అడుగు దాకా పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టాడు. రింగు నోటి సందులో ఫీలర్ గేజి ఆకులు దూర్చి చూశాడు. 0.40 మి.మీ. వచ్చింది. అదే రింగును పైకి తెచ్చి, పై రింగు తిరిగేచోట పెట్టి మళ్లీ కొలిచాడు. 1.35 మి.మీ. వచ్చింది. తర్వాత మా వైపు తిరిగి, "ఏం తమ్ముడూ, పెద్ద చదువు చదువుతున్నావు గదా, బోరు ఎంత అరిగిందో చెప్పు" అన్నాడు.

లెక్క చాలా సులువు. రింగు పొడవు మారదు. బోరు పెద్దదైతే చుట్టుకొలత పెరుగుతుంది, ఆ పెరుగుదలంతా రింగు నోటి దగ్గర సందుగా కనిపిస్తుంది. చుట్టుకొలత అంటే వ్యాసాన్ని 3.14తో గుణించడమే. సందు పెరిగింది 1.35లోంచి 0.40 తీసేస్తే 0.95 మి.మీ. దాన్ని 3.14తో భాగిస్తే 0.30 మి.మీ. అంటే బోరు పైభాగాన వ్యాసం 0.30 మి.మీ. పెరిగింది. మన తల వెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ. అంటే నాలుగు వెంట్రుకల మందం పైగా ఇనుము అరిగిపోయింది.

"అంతే. అడుగున సన్నగా, పైన వెడల్పుగా గరాటు మాదిరి అయింది సిలిండరు. కొత్త రింగు వేస్తే పైకి వెళ్లినప్పుడు విచ్చుకోవాలి, కిందికి వచ్చినప్పుడు ముడుచుకోవాలి. నిమిషానికి వేల సార్లు. ఎన్నాళ్లు నిలుస్తుంది?" అన్నాడు మేస్త్రి. తర్వాత లేత్ షాపులో బోరు గేజి పెట్టి చూస్తే లెక్క సరిపోయింది. మా నాన్న రైతుతో, "అన్నా, ఇప్పుడు రింగులేస్తే శ్రావణంలో బండి మళ్లీ పడుకుంటది. అప్పుడు నీకు దున్నకమూ ఉండదు, నాకు కూలీ ఉండదు" అని చెప్పాడు. రైతు ఒక రాత్రి ఆలోచించుకుని, పూర్తి పనికే ఒప్పుకున్నాడు. ఆ ఏడు బండి కార్తీకం దాకా నిలబడకుండా తిరిగింది.

మేము ఈ సంగతి చెప్పడం ఎందుకంటే, ఆ రోజు నిర్ణయం చేసింది ఎవరి మాట బలమూ కాదు, ఫీలర్ గేజి ఆకు. ఆ మేస్త్రికి పై విలువ గురించి తెలియదు, కానీ ఏం కొలవాలో తెలుసు. మనకు పై విలువ తెలుసు, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరూ చూపలేదు. రెండూ కలిసినప్పుడే అది విద్య అయింది.

పైభాగమే ఎందుకు ఎక్కువ అరుగుతుంది?

ఇది మంచి ప్రశ్న. మూడు కారణాలు ఉన్నాయి. మంట పుట్టేది అక్కడే కాబట్టి వేడి ఎక్కువ, ఆయిల్ పొర పలచబడుతుంది. పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు ఆ పీడనమే రింగును గోడకేసి నొక్కుతుంది. పైకి వచ్చిన పిస్టన్ అక్కడ ఒక్క క్షణం ఆగి దిశ మార్చుకుంటుంది. కదలిక ఆగితే ఆయిల్ పొర నిలవదు. అందుకే పాత సిలిండరు పై అంచున వేలుకు తగిలేటట్టు ఒక మెట్టు ఏర్పడుతుంది. బోరును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల, ఒక్కోచోట అడ్డంగా నిలువుగా రెండు దిక్కుల కొలవాలి. అప్పుడే గరాటు తనమూ, కోడిగుడ్డు తనమూ రెండూ తెలుస్తాయి.

రింగు నోటికి సందు ఎందుకు వదలాలి?

కొత్త రింగుకు అసలు సందు లేకుండా చేస్తే గాలి జారదు కదా అనిపించవచ్చు. వ్యాకోచం పాఠం గుర్తు తెచ్చుకోండి. ఈ రింగు చుట్టుకొలత సుమారు 287 మి.మీ. పోత ఇనుము వ్యాకోచ గుణకం డిగ్రీకి దాదాపు లక్షలో 1.1 వంతు. రింగు సిలిండరు కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే 287ను 0.000011తో, 100తో గుణించాలి. 0.32 మి.మీ. వస్తుంది. సందు అంతకంటే తక్కువైతే రింగు కొసలు ఒకదానికొకటి గుద్దుకుని, రింగు గోడను చీరేస్తుంది, లేదా విరిగిపోతుంది. రైలు పట్టాల మధ్య సందు వదిలినట్టే ఇదీనూ. బోరు వ్యాసంలో ప్రతి అంగుళానికి మూడు నాలుగు థౌల సందు అనేది మేస్త్రీల వాడుక లెక్క. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మి.మీ. మన 3.6 అంగుళాల బోరుకు 11 నుంచి 14 థౌలు, అంటే 0.28 నుంచి 0.36 మి.మీ. పై లెక్కకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. కచ్చితమైన అంకె మాత్రం రింగుల పెట్టె మీదో, మాన్యువల్లోనో చూసి పాటించాలి.

లేత్ షాపులో జరిగేది

సిలిండరు బ్లాకు లేత్ షాపుకు వెళుతుంది. స్లీవులు రెండు రకాలు. వెలుపల నేరుగా నీళ్లు తగిలేవి తడి స్లీవులు, బ్లాకు రంధ్రంలో ఒరుసుకుని కూర్చునేవి పొడి స్లీవులు. పెర్కిన్స్ 3.152లో ఉండేవి పొడి స్లీవులు. పాతవి ప్రెస్సుతో నెట్టి తీసి, కొత్తవి దింపుతారు. తర్వాత అవసరాన్ని బట్టి బోరు కోసి, హోనింగు చేస్తారు. హోనింగు అంటే గోడ మీద సన్నని అడ్డగీతలు వేయడం. అద్దంలా నున్నగా ఉంటే ఆయిల్ నిలవదు. ఆ గీతల్లో ఆయిల్ నిలిచి, కొత్త రింగు గోడకు అలవాటు పడుతుంది.

క్రాంకు షాఫ్టు జర్నళ్లను మైక్రోమీటరుతో కొలుస్తారు. గుండ్రం తప్పితే గ్రైండింగు చేయాలి. పది, ఇరవై, ముప్పై అని షాపుల్లో అంటుంటారు. అంటే 10 థౌ, 20 థౌ, 30 థౌ తగ్గించిన సైజులు. మిల్లీమీటర్లలో 0.25, 0.50, 0.75. జర్నల్‌ను ఎంత తగ్గిస్తే అంత మందం ఎక్కువున్న బేరింగు వేయాలి. బేరింగు పెట్టె మీద అంకె చూడకుండా బిగిస్తే క్రాంకు పట్టేస్తుంది, లేదా ఆయిల్ పీడనం నిలవదు.

హెడ్డుకు వాల్వు సీట్లు కోసి, వాల్వులు నూరి, వంకర ఉందేమో సరి చూస్తారు. డీజిల్ పంపు, నాజిళ్లు పంపు షాపుకు వెళతాయి. నాజిల్ పరీక్షించేటప్పుడు ఆ తుంపర దగ్గర చెయ్యి పెట్టకూడదు. అంత పీడనంతో వచ్చే డీజిల్ చర్మం లోపలికి దిగిపోతుంది. పైకి సూది గుచ్చుకున్నంతే కనిపించినా లోపల కండ చెడుతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

తిరిగి బిగించడం

ఇక్కడ మొదటి నియమం శుభ్రం. హోనింగు చేసిన బ్లాకును సబ్బునీళ్లతో, బ్రష్షుతో కడగాలి. రాతి పొడి గోడ గీతల్లో మిగిలితే కొత్త రింగులను అదే తినేస్తుంది. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడకూడదు. వెంటనే ఆయిల్ రాయాలి. ఆయిల్ దారుల్లో గాలి కొట్టించాలి.

బేరింగులకు ఆయిల్ రాసి క్రాంకు కూర్చోబెట్టి, ఒక్కో టోపీ బిగించాక చేత్తో తిప్పి చూడాలి. ఏ టోపీ దగ్గర పట్టేస్తుందో అప్పుడే తెలుస్తుంది. రింగుల నోళ్లు ఒకే వరుసలోకి రాకుండా చుట్టూ సర్ది పిస్టన్లు దింపాలి. టైమింగు గేర్ల మీద గుర్తులు కలపాలి.

హెడ్డు బోల్టులు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఒక మూల నుంచి మొదలుపెడితే హెడ్డు వంగి గాస్కెట్టు ఒకచోట నలుగుతుంది, ఇంకోచోట వదులుగా ఉంటుంది. చాప పరిచేటప్పుడు మధ్య నుంచి అంచులకు చేత్తో ఒత్తుతాం కదా, అదే పద్ధతి. ఇక్కడ టార్కు రెంచి వాడాలి. టార్కు అంటే బలాన్ని దూరంతో గుణించడం. అర మీటరు పొడవున్న రెంచి కొసన 20 కిలోల బరువుతో లాగితే దాదాపు 100 న్యూటన్ మీటర్లు. రెంచికి పైపు తొడిగి లాగితే దూరం పెరిగి, తెలియకుండానే బోల్టు సాగిపోతుంది.

వాల్వుల సందు ఈ పెర్కిన్స్ ఇంజనుకు చల్లగా ఉన్నప్పుడు 12 థౌలు, అంటే 0.30 మి.మీ. ఫైరింగు వరుస 1–2–3. నాలుగు స్ట్రోకులకు క్రాంకు 720 డిగ్రీలు తిరుగుతుంది. మూడు సిలిండర్లకు పంచితే 240 డిగ్రీలకొకటి చొప్పున మండుతుంది. మూడు సిలిండర్ల మాసీ శబ్దాన్ని దూరం నుంచే గుర్తుపట్టేది ఆ లయ వల్లే.

మొదటి యాభై గంటలు

ఆయిల్, నీళ్లు పోసి, డీజిల్ పైపుల్లో గాలి తీసేయాలి. స్టాపు లాగి ఉంచి, ఆయిల్ గేజి ముల్లు కదిలేదాకా స్టార్టరుతో ఆగి ఆగి తిప్పాలి. ఆ తర్వాతే స్టార్టు చేయాలి. కొత్త ఇంజను కదా అని గంటల తరబడి ఊరికే ఐడిలింగులో ఉంచడం మంచిది కాదు. రింగు గోడకేసి నొక్కుకోవాలంటే పీడనం కావాలి. బరువు లేకుండా నడిపితే గోడ నున్నబడి ఆయిల్ తాగడం మొదలవుతుంది. అలాగని మొదటి రోజే రోటవేటరు కట్టి ప్రాణం తీయకూడదు. మధ్యరకం పని, వేగం మారుస్తూ చేయించాలి. సుమారు 50 గంటలకు ఆయిల్, ఫిల్టరు మార్చాలి. హెడ్డు బోల్టులు, వాల్వుల సందు మాన్యువల్ చెప్పినట్టు మళ్లీ చూడాలి.

వేరే ఇంజను పెట్టాలంటే?

బ్లాకు పగిలిపోయినప్పుడు కొందరు వేరే బండి ఇంజను కొని పెడతారు. అప్పుడు గేర్ బాక్సుకు అతికే బోల్టు రంధ్రాలు, ఫ్లైవీలు, క్లచ్చి, ముందు బ్రాకెట్టు సరిపోతాయో లేదో ముందే చూసుకోవాలి. బిల్లు లేని ఇంజను కొనకూడదు. ఇంజను నంబరు ఆర్.సి.లో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను వాహనంలో మార్పుల గురించి చెబుతుంది. నంబరు మారితే రవాణా శాఖ కార్యాలయంలో తెలియజేసి ఆర్.సి.లో రాయించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర చిక్కు వస్తుంది. ఆ చిక్కులో మొదట నలిగేది స్టీరింగు పట్టుకున్న డ్రైవరే.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట

మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి తరం మేమే. చదువుకుంటే నాన్న చేసే పని నుంచి దూరంగా పోవచ్చని చాలామంది మాకు చెప్పారు. దూరం పోవడం తప్పు కాదు. కానీ ఆ పనిలో ఎంత తెలివి ఉందో తెలియకుండా పోవడం నష్టం. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్కు, ట్రాక్టరు మెకానిక్కు అనే ట్రేడులు ఉన్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఇంటర్‌లో లెక్కలు తప్పాననో, ఇంగ్లీషు రాదనో కుంగిపోయే తమ్ముళ్లు ఈ దారిని చిన్నచూపు చూడవద్దు. ఇంజనీరింగుకు వెళ్లేవాళ్లు సెలవుల్లో ఒక నెల మెకానిక్ షెడ్డులో నిలబడండి. షెడ్డులో ఇంగ్లీషు మాన్యువల్ చదివి తెలుగులో చెప్పేవాడికి ఎప్పుడూ గౌరవం ఉంటుంది. మీరు చదివి చెప్పండి, వాళ్లు చేసి చూపిస్తారు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మన హాస్టల్‌కు పుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. వీలైతే ఒక వెర్నియర్ కాలిపర్సు, ఒక మైక్రోమీటరు, ఒక ఫీలర్ గేజి కూడా ఇవ్వండి. చేత్తో పట్టుకుని కొలిచినవాడు జీవితాంతం మరచిపోడు.

చేసి చూడండి

1. బోరు 100 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ. ఉన్న రెండు సిలిండర్ల ఇంజను మొత్తం ఘనపరిమాణం ఎంత?

2. ఒక రింగు సందు సిలిండరు అడుగున 0.35 మి.మీ., పైన 0.98 మి.మీ. వచ్చింది. బోరు ఎంత అరిగింది?

3. శీతాకాలం ఉదయం గాలి 15 డిగ్రీలు ఉంటే, నిష్పత్తి 17 అయినప్పుడు సంపీడనం చివర పుస్తకం లెక్క ప్రకారం ఉష్ణోగ్రత ఎంత? వేసవితో పోలిస్తే తేడా ఎంత?

4. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి ట్రాక్టరు ఎయిర్ క్లీనరు గిన్నె ఒకసారి విప్పి చూడండి. డ్రైవరన్నను అడిగి, ఆయన ముందే విప్పండి. అడుగున ఎంత బురద ఉందో రాసుకు రండి.

మొదటి మూడింటికి జవాబులు: 1. సుమారు 1,728 ఘనపు సెం.మీ. 2. సుమారు 0.20 మి.మీ. 3. సుమారు 894 కెల్విన్, అంటే 621 డిగ్రీలు. 30 డిగ్రీల రోజుతో పోలిస్తే 46 డిగ్రీలు తక్కువ. నాలుగో ప్రశ్నకు జవాబు మీ ఊళ్లోనే ఉంది.